డబుల్ తిఖట్ పార్సల్

“వీటిని చిన్నచిన్నగ కోసి ఇస్తవా?” అంది ఆ అమ్మాయి.

సిద్ధరాములు చేతిలో గరిటె గాలిలోనే ఆగింది. భీవండిలో పగలంతా పవర్‌లూమ్ నడిపి, సాయంత్రాలు చైనీస్ తిండి అమ్మే ఒక తోపుడు గాడీ మీద చాకిరీ చేసి నేర్చుకున్న విద్య అది. నూడుల్స్ పొడుగ్గా, ఒకదానికొకటి అంటుకోకుండా, నిగనిగలాడుతూ రావాలి. రాకపోతే అక్కడి ఉస్తాద్ ఆ ప్లేటంతా అతని చేతే తినిపించేవాడు.

“కోసుడేంది? పొడుగ్గ ఉంటెనే దానికి అందం.”

“అందం సూసెటందుకు అడుగుతలేను, తినెటందుకు అడుగుతున్న. ఇంకా మెత్తగ ఉడకాలె. తిఖట్ మాత్రం డబుల్ వెయ్యి.”

“మెత్తగ ఉడికితే గంజైతది.”

“కానీ. తినేది నువ్వు కాదు గద.”

అతను పళ్లు బిగించి, కడాయిలో నీళ్లు చిలకరించి, గరిటె అంచుతో నూడుల్స్‌ని టకటకా నరికాడు. తిఖట్ అన్నందుకు ఎర్ర మిరప్పొడి రెండు చెంచాలు వేశాడు. ఘాటుకి అతనికే దగ్గు వచ్చింది. ఆమె మాత్రం కదలకుండా నిలబడి, చంకలోని బీడీల ఖాళీ గంపలో పొట్లం భద్రంగా పెట్టుకుంది. కొసరుగా ఒక చూపు కూడా ఇవ్వకుండా సందులోకి మళ్లింది.

భవాని పేట్ ఇళ్ల మీద కేబుల్ టీవీ తీగలు కొత్తగా పాకుతున్న రోజులవి. సిద్ధరాములు గాడీ పెట్టి వారం కూడా కాలేదు. మగ్గాల కార్ఖానాలో డ్యూటీ దిగి వచ్చేవాళ్లు కడాయిలోకి తొంగిచూసి, “ఇది నేసుడా, తినుడా?” అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. తండ్రి నర్సయ్య చద్దర్లు నేస్తాడు. నేతపని ఉన్న ఇంట్లో పుట్టి వండి అమ్ముకునుడేంది అని ఆయన ఒకే ఒక్కసారి అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు గానీ, పనికి పోతూ వస్తూ గాడీ వైపు తలతిప్పేవాడు కాదు.

మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది.

“నిన్న ఉప్పు తక్కువైంది. సాస్ మరీ పుల్లగున్నది. జర బెల్లం పడాలె.”

“చైనీస్‌ల బెల్లం ఎవడన్న ఏస్తడా?”

“ఏసి చూడు. నచ్చకపోతే నీ ఉస్తాద్‌కు చెప్పకు.”

ఆమె వెళ్లాక ఎవరూ చూడకుండా చిటికెడు బెల్లం వేసి రుచి చూశాడు. బాగుంది. అంత బాగుండటం అతనికి అస్సలు నచ్చలేదు.

పేరు సరోజ అని పక్కనున్న పాన్ షాపులో తెలిసింది. తండ్రి లేడు. తల్లి మల్లమ్మ, తనూ ఇద్దరూ బీడీలు చుడతారు. చుట్టిన బీడీలు కంపెనీలో ఒప్పజెప్పి వచ్చేటప్పుడు దారిలో ఈ గాడీ దగ్గర ఆగుతుంది. సిద్ధరాములు మాత్రం మనసులో ఆమెకు డబుల్ తిఖట్ అని పేరు పెట్టుకున్నాడు. పేటలో చిన్నా పెద్దా అందరూ అతన్ని ‘అన్నా’ అంటే, ఈమె ఒక్కతే ‘ఓ గాడీ ఆయనా’ అనేది. ఆ తేడా అతను మొదటిరోజే గమనించాడు.

రోజూ ఒక తీర్పు తెచ్చేది. “మంచూరియా ఉండ నోట్లె ఏసుకుంటే కరగాలె, నమిలే పని పెట్టొద్దు.” “పావ్ భాజీల ఆలుగడ్డ మంచిగ మెదిపినవు, కానీ మస్కా ఏసేటప్పుడు చెయ్యి వణికినట్టున్నది.” ఒకరోజు “నిన్నటిదానికి వంక పెట్టేటందుకు లేదు” అంది. ఆ రోజు సిద్ధరాములు గాడీ మీద బల్బు ఎందుకో ఎక్కువ వెలిగినట్టనిపించింది. తీర్పు చెప్పి, పొట్లం తీసుకుని, “రేపు వస్త” అని వెళ్లిపోయేది.

ఆమె చెప్పినవి పాటిస్తూ పోతే, మెల్లగా గిరాకీ పెరిగింది. సాస్ పుల్లటి వాసన పోయి, నూడుల్స్‌కి పేట మనుషుల రుచి పట్టుబడింది. 

ఒకనాడు ధైర్యం చేసి అడిగాడు. “తీపి తింటవా? కొత్తది ఒకటి చేద్దామనుకుంటున్న.”

సరోజ ఆలోచించింది. “రేపు చెప్త.”

తీపి తింటావా అంటే చెప్పడానికి ఒక రోజు గడువు అడిగే మనిషిని అతను ఎప్పుడూ చూడలేదు. మర్నాడు వచ్చి, కళ్లు కొంచెం పైకెత్తి, అప్పజెబుతున్నట్టు చెప్పింది. “తీపంటే పాణం. మెత్తగ ఉండాలె, సల్లగ ఉండాలె. బేకరీ అద్దాల కనపడుతది సూడు కేకు, అసొంటిది.”

సిద్ధరాములు బేకరీలో కేకు ముక్కలు కొన్నాడు. స్టీలు గ్లాసులో అడుగున కేకు, దానిమీద చల్లటి కస్టర్డ్, మెదిపిన అరటిపండు, మళ్లీ కేకు, పైన బెల్లంతో దంచిన వేరుశెనగల పొడి. దానికి ‘కేక్ గ్లాస్’ అని పలక మీద సుద్దతో రాశాడు. తొలి గ్లాసు ఆమెకే. అది తీసుకెళ్తున్నప్పుడే వాన మొదలైంది. సరోజ తార్‌పాలిన్ కిందికి వచ్చి నిలబడింది. చినుకులు కడాయి అంచు మీద పడి చిటచిటలాడుతున్నాయి. ఆమె పైటకొంగు తడిసి, పొగాకు వాసనా కస్టర్డ్ వాసనా కలిసి వస్తున్నాయి. అతనికి ఆ వాసన బాగుందని చెప్పాలనిపించి, ఇంకేదో అడిగాడు.

“ఒక్కనాడన్న ఈడ్నే తినరాదు. రోజూ పార్సలేనా?”

“తినేటోళ్లు ఇంటికాడ ఎదురుచూస్తరు,” అంది సరోజ. అని, నాలుక కరుచుకుంది.

“తినేటోళ్లా? అంటే నువ్వు తినవా?”

ఆమె వాన వైపు చూసింది. వాన ఆగలేదు. అయినా గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు “రేపు వస్త” అనలేదు.

ఇంకేముంది, సిద్ధరాములు మనసు ఎటో పోయింది. ఎవరికోసమో తీసుకుపోతోంది. మెత్తగా కావాలనేవాడు, కారం తినేవాడు, చల్లటి తీపి ఇష్టపడేవాడు ఎవడో ఉన్నాడు. ఆ మాటలన్నీ వాడివే అయ్యుంటాయి. ఆ సాయంత్రం ఫ్రైడ్ రైస్‌లో రెండుసార్లు ఉప్పు పడింది.

తర్వాతి సాయంత్రం ఆమె వచ్చింది గానీ మాటలు తక్కువ. తొందరలో చట్నీ పొట్లం గాడీ మీదే మరిచిపోయింది. అతను చూసుకునేసరికి సందు మలుపు తిరిగింది. అప్పుడే కరెంటు పోయింది. పేటలోని మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయి, చెవులకు వింతగా నిశ్శబ్దం వచ్చింది. చట్నీ పట్టుకుని అతను వెనకాలే పరిగెత్తాడు.

సరోజ ఇంటి ముందు వాకిట్లోకి పోలేదు. పక్కసందులోకి వెళ్లి, కిటికీ చువ్వల మధ్య నుంచి పొట్లం లోపలికి అందించింది. లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చింది. ముడతలు పడిన చెయ్యి, మోచేతి దాకా పచ్చబొట్లు, రెండు గాజులు.

“చట్నీ ఏదే?” అంది ఆ చేతి తాలూకు గొంతు.

“చట్నీ నా దగ్గరున్నది,” అన్నాడు సిద్ధరాములు, ఆలోచించకుండా.

సరోజ ఉలిక్కిపడి గోడకు ఆనుకుంది. కిటికీ దగ్గరకు ఒక బోసినోటి ముఖం వచ్చింది. కళ్లు మాత్రం చిన్నపిల్లవి.

“గాడీ పోరగాడివి నువ్వేనా? ఇట్ల రా, మొఖం సూడనీ. మంచిగనే ఉన్నవు. నిన్న ఆ గ్లాసుల పెట్టిందేంది కొడుకా? నా డెబ్బై ఏండ్ల బతుకుల అసొంటిది నోట్లె పడలే. ఇంకోటి చేసి పెట్టు.”

“మా బాపమ్మ,” అంది సరోజ మెల్లగా. “సుందరాబాయి.”

అతనికి నవ్వూ, ఊపిరీ ఒకేసారి వచ్చాయి. “అంటే ఇన్ని దినాలు నాకు వంకలు పెట్టింది ఈమెనా?”

“ఇంకెవరు? ఇది ఒక్క ముద్ద తిన్నదో లేదో అడుగు,” అంది ముసలావిడ. “పండ్లు పోయినయి గానీ నాలుక పోలే. జొన్నరొట్టె నానబెట్టుకొని తిని తిని ఇసుగొచ్చింది. టీవీల ఏందేందో తింటరు, నేను ఎన్నడు తినాలె? కానీ మా కోడలికి తెలువద్దు.”

“తెలిస్తే ఏమైతది?”

సరోజ జవాబిచ్చింది. “అత్తకు అన్నం పెడుతలేదు, గాడీ తిండి తింటున్నదని నలుగురు అంటరని అమ్మకు బుగులు. నాయిన పోయినప్పటి సంది ఎవ్వరితోని ఒక్క మాట పడకుండ బతికింది.”

అతను తలూపాడు. కానీ ఇంటికి పోయేటప్పుడు ఆ చివరి మాట ఒక చెవిలోకి వెళ్లి ఇంకో చెవిలోంచి బయటికి పోయింది. మనసంతా ఒకటే పండగ. ఎవడూ లేడు. ఉన్నది ఒక బాపమ్మ.

ఆ పండగే కొంప ముంచింది. మర్నాడు మధ్యాహ్నం రెండు కేక్ గ్లాసులు చేసి, ట్రేలో పెట్టుకుని, నేరుగా ముందు వాకిట్లోకి వెళ్లాడు. నీడపట్టున మల్లమ్మ, పక్కింటి గంగుబాయి, ఇంకా ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. సరోజ అతన్ని చూసి కళ్లతోనే వద్దంది. అతనికి అర్థమయ్యేలోపే నోరు తెరిచాడు.

“బాపమ్మకు తెచ్చిన. నిన్న అడిగింది.”

ఆకు కత్తిరిస్తున్న చప్పుడు ఆగిపోయింది. గంగుబాయి దారం పళ్లతో తెంపి, “ఏంది మల్లమ్మా, అత్త గాడీల మీద అడుక్కొని తినే కాడికి వచ్చిందా?” అంది. నవ్వుతూనే అంది.

మల్లమ్మ లేచింది. ట్రే అందుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి రెండు గ్లాసులూ ఖాళీ చేసి, కడిగి, కొంగుతో తుడిచి తెచ్చి అతని చేతిలో పెట్టింది. మళ్లీ కూర్చుని చాట ఒళ్లోకి తీసుకుంది. తల వంచుకుని, చుట్టిన బీడీనే విప్పి మళ్లీ చుట్టింది.

సరోజ గాడీ దగ్గరికి రావడం మానేసింది. అటు పక్క వీధిలోంచి పోతోందని పాన్ షాపు అతను చెప్పాడు.

కార్ఖానాలో ఏ మాటా దాగదు. ఒక సాయంత్రం నర్సయ్య ఇంటికి పోతూ, మొదటిసారి గాడీ ముందు ఆగాడు.

“గాడీ పెట్టినవు, నేనేమనలే,” అన్నాడు. “కానీ మొగోడు లేని ఇంటి ముంగట పోయి ఆ తల్లిని నలుగుర్ల తల దించుకునేటట్టు చేసినవు.”

“నాయినా, నేను మంచికే...”

“మంచికే చేసినవు. అందుకే తిడుతలేను. పో, సాఫ్ చేసి రా.”

ఎలా సాఫ్ చేయాలో ఆయన చెప్పలేదు. సిద్ధరాములు ఆ రాత్రి కూరగాయలు తరుగుతూ, మర్నాడు చద్దరు పరుచుకుని పడుకుని అదే ఆలోచించాడు. చివరికి బీడీ కంపెనీ సెలవు రోజు చూసుకుని ఉత్త చేతులతో వెళ్లాడు. గుమ్మం దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. మల్లమ్మను ఏమని పిలవాలి? చిన్నమ్మా అంటే సరోజ చెల్లెలవుతుంది. మరాఠీలో మావ్‌శీ అన్నా అంతే. అత్తా అంటే ఇప్పుడే చెప్పుతో కొడుతుంది.

“అమ్మా,” అన్నాడు. “తప్పైంది.”

మల్లమ్మ పొయ్యి ముందు నుంచి తలెత్తలేదు. “నీ గాడీ తిండి నా ఇంట్లకు రావద్దు.”

“రాదు. గాడీ మీదిది వద్దు. మీ పొయ్యి మీద, మీ చేత్తోని చెయ్యున్రి. ఎట్ల చెయ్యాలెనో నేను గడప అవతల నిలబడి చెప్త.”

“నాకెందుకు గా దారం పోగులు?”

“బాపమ్మకు కోరికున్నది.”

మల్లమ్మ అప్పుడు తిరిగింది. అతని వైపు కాదు, మంచం మీదున్న అత్త వైపు.

“నాకెందుకు చెప్పలే? నేను చెయ్యకపోదునా? పరాయోనికి చెప్పినవు, నాకు చెప్పలే.”

సుందరాబాయి కొంగు సర్దుకుంది. “పొద్దున లేస్తే మాపటిదాంక చుడుతనే ఉంటవు బిడ్డా. నడుము పట్టుకొని లేస్తవు. నాకు ఇది కావాలె, అది కావాలె అని నీ మీద ఇంకో పని ఎట్ల ఏస్త? పోరి దారిల తెస్తది గద అనుకున్న.”

మల్లమ్మ పొయ్యి ముందు నుంచి లేచింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుంది. “ఏమేం కావాలె?” అంది, ఎవరితోనో అన్నట్టు.

సరోజ దుకాణం నుంచి నూడుల్స్, సాస్ సీసా, క్యాబేజీ తెచ్చి, క్యాబేజీ తరిగింది. సిద్ధరాములు గడప అవతల నిలబడి చెబుతుంటే మల్లమ్మ చేసింది. మంట పెద్దగా పెట్టమంటే భయపడింది, పెట్టింది. సాస్ సీసా వాసన చూసి ముఖం చిట్లించి పక్కన పెట్టి, తాను దంచిన వేరుశెనగ చట్నీ గుప్పెడు చల్లింది. అతను అడ్డం చెప్పబోయి, సరోజ చూపు చూసి ఊరుకున్నాడు. ఘుమఘుమ వాకిలి దాటి పోయింది. గంగుబాయి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏం వండుతున్నవు మల్లమ్మా?”

మల్లమ్మ కడాయి దించుతూ, గొంతు ఏమాత్రం పెంచకుండా, “మా అత్తకు చైనీస్,” అంది. “కూసో, నువ్వు కూడ తిను.”

గంగుబాయి రెండుసార్లు పెట్టించుకుంది. సుందరాబాయి మాత్రం ఒక్కో ముక్కా నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని తిన్నది. “పోరగాడా,” అంది చివరికి, “నీకంటే మా కోడలే మంచిగ చేసింది. బుర్రల పెట్టుకో.”

చెంబుతో నీళ్లు ఇవ్వడానికి సరోజ గడప దాకా వచ్చింది. లోపల నవ్వులు వినిపిస్తున్నాయి.

“నేను ఆ మాటలకే పడిపోయిన,” అన్నాడు అతను, గొంతు తగ్గించి. “బెల్లం ఏయమన్న మాట, మస్కా మాట. అవన్నీ బాపమ్మవే అని తెలిసినంక నాకు నవ్వొచ్చింది. మల్ల భయమైంది.”

“అయితే బాపమ్మనే చేసుకో.”

“నీవి ఒక్కటి కూడ లేవా?”

సరోజ చెంబు అంచు వేలితో తడిమింది. “రేపు వస్త అనేది బాపమ్మ చెప్పలే,” అంది. “అది నాదే.”

అతను నీళ్లు తాగడం మరిచిపోయాడు. చెంబు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చెంబు లాక్కుని లోపలికి పోయింది.

ఆ తర్వాతి పనులు పెద్దవాళ్లవి. నర్సయ్య ఒక ఆదివారం తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి, వాకిట్లో కూర్చుని, దారం ధరల గురించీ వానల గురించీ చాలాసేపు మాట్లాడాడు. చివరికి గొంతు సవరించుకుని, “మా వాడు మగ్గం మీదికి రాడు. ఆ సంగతి ముందే చెప్తున్న. గాడీ మీదనే బతుకుతడు,” అన్నాడు.

“నన్ను మగ్గం నడిపేటాయనకే ఇచ్చిన్రు, ఆయన నా కంటె ముందే పోయిండు,” అంది మల్లమ్మ. “పిల్లను అడుగుత, అన్నా. అది ఊ అంటే నాదేం లేదు.”

లోపల నుంచి సుందరాబాయి గొంతు వచ్చింది. “అది ఎప్పుడో ఊ అన్నది. పెండ్లిల ఏం పెడుతరో అది మాట్లాడున్రి.”

పెళ్లి కార్తీకంలో అనుకున్నారు. అప్పటిదాకా ఇద్దరూ ఒంటరిగా తిరగకూడదని మల్లమ్మ షరతు. అందుకని ఒక సాయంత్రం రిక్షాలో సుందరాబాయినీ ఎక్కించుకుని నవీ పేట్ బజారుకు వెళ్లారు. ముసలావిడ ఒక ఐస్‌క్రీం దుకాణంలో కుర్చీ మీద కూర్చుని, మిషన్‌లోంచి మెలికలు తిరుగుతూ దిగే సాఫ్టీని చూస్తూ, “మీరు పోన్రి, నాకు ఇక్కడ పనున్నది,” అంది.

సిద్ధరాములు సరోజతో అన్నాడు. “ఇన్ని దినాలు బాపమ్మకు ఏం కావాలెనో చేసిన. నీకేం ఇష్టమో చెప్పు.”

ఆమె ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఏమీ దొరకలేదు. “నాకు తెల్వది,” అంది, కొంచెం సిగ్గుతో. “ఇంట్ల ఏముంటే అది తింట. ఎన్నడూ ఎవరూ అడుగలే.”

“అయితే చూద్దం పా.”

సాఫ్టీ నాకింది. చాలా తీపి అంది, మిగతాది అతనికిచ్చింది. పక్క దుకాణంలో పిస్తా కుల్ఫీ పళ్లు జిల్లుమనిపించింది. భేల్ బాగుంది గానీ ఇంటి మరమరాల్లాగే ఉంది. దబేలీ పావ్ సగం తిని, ఇంత మసాలా ఎందుకని అడిగింది. ఒక్కొక్కటీ ఒక ముక్క తిని, ముఖం తిప్పి, ఇది కాదు అని ముందుకు నడిచింది. అతను వెనకే మిగిలినవన్నీ తింటూ నడిచాడు. కడుపు నిండిపోయింది. అయినా ఇంత సంతోషంగా అతను ఎన్నడూ తినలేదు.

వీధి చివర ఒకాయన బొగ్గుల మీద ఇనప డబ్బీలో బ్రెడ్ కాలుస్తున్నాడు. లోపల పచ్చిమిరప ముక్కలు, చీజ్. పేటలోకి ఇంకా రాని తిండి అది. సరోజ ముక్క కొరికి లాగింది. చీజ్ తెగలేదు. నోటి నుంచి చేతి దాకా, చేతి నుంచి ఇంకా ముందుకు, తీగలా సాగుతూ వచ్చింది. ఆమె నవ్వాపుకోలేక చెయ్యి దూరంగా చాచింది. అది అయినా తెగలేదు. చివరికి వేలికి చుట్టుకుని తిన్నది. రెండో ముక్క తిన్నది. అతను చెయ్యి చాచాడు. ఆమె ప్లేటు అటు తిప్పుకుంది.

“ఇది,” అంది సరోజ, ఖాళీ ప్లేటు చూపిస్తూ. “ఇది నాకిష్టం.”

“నాకు ఇది చెయ్యరాదు,” అన్నాడు సిద్ధరాములు.

“నేర్చుకో,” అంది. “కార్తీకం దాంక టైమున్నది.”